కొట్టులో లేని తుపాకి

చాండ్లర్, ఆరిజోనా
అక్టోబరు 11, 2009

పద్దమ్మా,

నీ మేనత్త చెంచమ్మ చెబుతుంటే నా కోడలు త్రివేణి రాస్తోంది. నాకు అక్షరం రాదని నీకు తెలుసు. ఫోనులో చెబితే ‘ఊ’ కొట్టి పెట్టేస్తావు, మర్నాటికి ఆ ఊ ఎక్కడికి పోయిందో నీకే తెలియదు. కాగితం మీద పడ్డ మాటకైతే ఒక దిక్కుంటుంది. మీ మామయ్య ముప్ఫై ఏళ్లు ఒంగోల్లో బ్యాంకు గుమ్మం ముందు తుపాకి పట్టుకుని నిలబడి నేర్చుకున్నది అదొక్కటే, నాకు నేర్పిందీ అదొక్కటే. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను దీన్ని. రాశాక చదివి వినిపించమంటాను. ఒక్క మాట తేడా వచ్చినా దీని గొంతులోనే పట్టేస్తాను.

నీ బావ పోయి రెండు వారాలు. మహర్నవమి నాడు, ఆదివారం, పొద్దు గుంకే వేళ గ్యాస్ స్టేషన్ కొట్టులో గల్లా దగ్గర నిలబడ్డవాణ్ణి ఎవడో వెధవ వచ్చి రెండు గుళ్లు పెట్టి కాల్చాడు. మూడో రోజుకి వాడు దొరికాడు. వాడి సంగతి వాళ్ల కోర్టు చూసుకుంటుంది. నా తగువు వాడితో కాదు, మీతో. పేపర్లవాళ్లతో, టీవీలవాళ్లతో.

రెండు ఛానళ్లు చూపించాయి. ఒకదాంట్లో కొట్టు ముందు కొవ్వొత్తులు, పూలు. ఒక పిల్ల ఏడుపు మొహం పెట్టి ‘నిరాయుధుడైన దుకాణదారు’ అంది. వెనకాలే కోటు తొడుక్కున్నాయన వచ్చి ఈ దేశంలో తుపాకులు ఇన్ని, చావులు ఇన్ని అని లెక్క చెప్పాడు. రాఘవులు అన్న నాలుగక్షరాలు పలకడం రాలేదు గానీ తుపాకుల లెక్క మటుకు నోటికొచ్చు. రెండో ఛానల్లో ఎర్ర టై వాడు ‘పాపం, ఇతని దగ్గర ఒక తుపాకి ఉండి ఉంటే ఈ పూట ఇంటికి వెళ్లేవాడు’ అన్నాడు. ఒకడికి తుపాకులంటే గిట్టదు, ఒకడికి తుపాకులంటే ప్రాణం. ఇద్దరూ కలిసి తేల్చింది మాత్రం ఒకటే, నా కొడుకు ఉత్త చేతులవాడని. నీ చికాగో పత్రికలో మూడు లైన్లు వచ్చాయని ఇది చదివింది. అందులోనూ అదే మాట. ఆ మాట వేసింది నువ్వా, ఇంకొకరా?

నా కొడుకు ఉత్త చేతులవాడు కాదు. కాగితాలతో సహా కొనుక్కున్న నల్ల పిస్తోలు ఉంది వాడికి. నెలకో ఆదివారం రేంజికి పోయి గురి చూసి కాల్చడం సాధన చేసి వచ్చేవాడు. మొన్న జనవరిలో ఇద్దరు ముసుగులేసుకుని కొట్టులోకి వస్తే గల్లా కింది నుంచి దాన్ని తీసి బల్ల మీద పెట్టాడు. కాల్చనన్నా కాల్చలేదు. వాళ్లు వచ్చిన దారినే పోయారు. ఆ రోజు ఈ త్రివేణే ఇక్కడి పేపరుకి ఫోన్ చేసింది. ‘ఎవరికైనా దెబ్బలు తగిలాయా’ అని అడిగారట. లేదంటే ‘థాంక్యూ’ అని పెట్టేశారట. తుపాకి నలుగురిని చంపితే నాలుగు రోజులు చూపిస్తారు. ఒకణ్ణి బతికిస్తే థాంక్యూ. ఇదేనా మీ న్యాయం?

మరి నవమి నాడు ఆ పిస్తోలు గల్లా కింద ఎందుకు లేదంటావేమో. అదే నువ్వు వెయ్యాల్సిన వార్త. ముందు రోజు శనివారం సాయంత్రం దాన్ని హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని కొట్టులోంచి ఇంటికి తెచ్చింది నా కోడలు. ఈ రాస్తున్న మనిషే. రాయవే, చెయ్యి ఆగిందేం? తెచ్చింది త్రివేణి అని రాయి. పదహారేళ్లు కాపురం చేసి చివరికి మొగుడి చేతిలో ఆయుధం లేకుండా చేసిన మనిషి ఇది. నిన్ను చేసుకోమని వాడికి చిలక్కి చెప్పినట్టు చెప్పాను. మేనరికం చేసుకుంటే గుడ్డి పిల్లలు పుడతారని నాకే పాఠం చెప్పాడు. వీళ్లకి పుట్టిన రిషితకి కళ్లు బాగానే ఉన్నాయి. వాడే మూశాడు.

నీ పత్రికలో ఇలా రావాలి. రాఘవులు నిరాయుధుడు కాడు. ఆయుధం ఉన్నవాడే, పెళ్లాం తీసేసింది. దాని పేరు కూడా వెయ్యి. స్పెల్లింగు అదే చెబుతుంది.

చెంచమ్మ, వేలిముద్ర


షామ్‌బర్గ్, ఇల్లినాయ్
అక్టోబరు 25, 2009

అత్తా,

నీ ఉత్తరం ఆఫీసులో ఒకసారి, ఇంట్లో ఒకసారి చదివాను. రెండుసార్లూ ఒక్క బిగిన చదవలేకపోయాను.

ఆ మూడు లైన్లు వేసింది నేనే. వార్తా సంస్థ నుంచి వచ్చింది, నా డెస్క్ మీద పడింది. పేరు చూశాక కూడా ఇంకెవరో అనుకున్నాను. ఊరి పేరు చూశాక అనుకోలేకపోయాను. బావ పేరులో తప్పు పోయిన ఒక అక్షరం దిద్దాను, వయసు నలభై అయిదు అని ఉంటే నలభై ఆరు చేశాను, పంపించేశాను. ‘నిరాయుధుడు’ అనేది పోలీసులు అన్న మాట. కొట్టులో ఆయుధం దొరకలేదన్నారు. దొరకలేదు కనుక లేదు అని రాస్తాం. ఆ తర్వాత పార్కింగ్‌లో కారులో కూర్చుని ఉండిపోయాను. ఇల్లు ఎటో కాసేపు గుర్తు రాలేదు.

నువ్వన్న దాంట్లో ఒకటి నిజం. జనవరిలో ఆ ఇద్దరూ వెనక్కి పోయిన రోజు మాకు వార్త కాలేదు. అలాంటివి నా డెస్క్ మీదకి నెలకు రెండు మూడు వస్తాయి. ఎవరికీ ఏమీ కాలేదు కదా అని పక్కన పెడతాం. జరగని చావుని ఫోటో తియ్యలేం అత్తా. కావాలనే చేస్తున్నారని నువ్వంటావు. అలవాటుగా చేస్తున్నామని నేనంటాను. కొడుకు పోయిన దానివి, నీకు రెండూ ఒకటే కావచ్చు.

పత్రికలో దిద్దుబాటు వేయించడానికి నేను ప్రయత్నిస్తాను. అతనికి చట్టప్రకారం కొన్న తుపాకి ఉందని, ఆ రోజు కొట్టులో లేదని వెయ్యొచ్చు. కానీ పెళ్లాం తీసేసింది అని వెయ్యాలంటే ఆమెను అడగాలి. మా పనిలో మొదటి పాఠం అది. తెచ్చింది అక్క. సరే. ఎందుకు తెచ్చింది? నీ ఉత్తరంలో అన్నీ ఉన్నాయి, ఆ ఒక్క ముక్క లేదు.

త్రివేణక్కా, అత్తకి చదివి వినిపించేటప్పుడు దీన్ని దాటెయ్యకు. చివర్లో నీ మాటగా ఒక్క లైను రాస్తావేమోనని కాగితం వెనక్కి కూడా తిప్పి చూశాను.

రిషిత స్కూలుకి వెళ్తోందా? ఆ పిల్లకి పదమూడేళ్లు. టీవీ కొంచెం తగ్గించు అత్తా.

పద్మజ


చాండ్లర్
నవంబరు 9, 2009

పద్మజా,

టీవీ తగ్గించమని నాకు చెబుతావా? నీ బోటివాళ్లు పెడుతున్నదే కదా నేను చూస్తున్నది!

ఎందుకు తెచ్చిందని అడిగావు. నువ్వు విలేకరివా, వాళ్ల తరఫు లాయరువా? దొంగ ఎందుకు వచ్చాడని మీ పత్రిక అడిగిందా? వాడికి చిన్నప్పుడు తండ్రి లేడట, పాపం, అది మటుకు సగం పేజీ వేశారు. త్రివేణి చదివింది. చదువుతూ మధ్యలో కళ్లు తుడుచుకుంది ఇది. వాడి మీద జాలి! నా కొడుక్కి మూడు లైన్లు, నా కొడుకుని చంపినవాడి బాల్యానికి సగం పేజీ.

తుపాకంటే నాకు భయమనీ, ముసల్దానికేం తెలుసనీ అనుకుంటున్నావేమో. నీకు తెలియకపోతే మీ నాన్నని అడుగు. మీ మామయ్య సొంత డబుల్ బ్యారెల్‌ని నూనె గుడ్డతో తుడిచి పెట్టింది నేను. ఏటా నవమికి దాన్ని పసుపు నీళ్లతో తుడిచి, కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి అమ్మవారి ముందు పడుకోబెట్టేదాన్ని. దశమి పొద్దున ఉద్వాసన చెప్పేదాకా దాన్ని కదపడానికి బ్యాంకు మేనేజరుకి కూడా హక్కు లేదు. ముప్ఫై ఏళ్లలో ఒక్క దసరా తప్పలేదు, ఒక్క దొంగ ఆ గుమ్మం తొక్కలేదు. ఆ ఇంట్లో పుట్టినవాడిని పట్టుకుని నిరాయుధుడంటారా?

నువ్వు వెయ్యకపోతే వేసేవాళ్లు లేరనుకోకు. తుపాకులుండాలనే సంఘంవాళ్లు మొన్న శనివారం ఇంటికి కారు పంపించారు. హాల్లో రెండు వందల మంది ఉంటారు. వెనకాల గోడంత నా కొడుకు ఫోటో. నన్ను పైకెక్కించి మైకు ఇచ్చారు. నేను తెలుగులో చెబుతుంటే ఇది పక్కన నిలబడి ఇంగ్లీషులో చెప్పాలి. రిషిత ముందు వరసలో కూర్చుంది. నా కొడుకు సింహం అన్నాను, చెప్పింది. వాడికి తుపాకి ఉంది అన్నాను, చెప్పింది, చప్పట్లు కొట్టారు. ‘దాన్ని కొట్టులోంచి తీసేసింది నా కోడలు’ అన్నాను. ఇది మైకు దగ్గరికి వంగి ఏదో అంది. ఒకామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

బయటికొచ్చాక రిషితని అడిగాను.

“మీ అమ్మ ఏమందే?”

“మా అత్తగారు చెప్తోంది, కోడలు గన్ తీసేసిందని. ఆ కోడలు నేనే... అంది నానమ్మా.”

“ఇంకేం అనలేదా?”

“నో. దట్స్ ఇట్.”

ఒక్క ముక్క తిప్పలేదు చూడు! రోషమున్న మనిషైతే మాట మార్చేది, లేదా మైకు విసిరికొట్టి పోయేది. రాళ్లేసినా కదలదు ఇది. రిషిత కారులో వెనక సీట్లో నా పక్కన కూర్చుంది. ముందు, డ్రైవ్ చేస్తున్న తల్లి పక్కన, సీటు ఖాళీ. అప్పటి నుంచీ ఆ పిల్ల తల్లితో మాట్లాడటం లేదు. చదువు రాని నేను పావుగంటలో చెప్పింది ఆ పసిదానికి అర్థమయింది, నీకు కాలేదు.

ఆ సాయంత్రం ఎర్ర టై వాడి ఛానల్లో నన్ను చూపించారు. పావుగంట మాట్లాడానా, నా నోరు కదలడం చూపించి పైన వాడి మాటలు వేసుకున్నాడు! ‘ఈ తల్లి తుపాకుల హక్కు కోసం పోరాడుతోంది’ అన్నాడట. నేను హక్కు మాటే ఎత్తలేదు. కొవ్వొత్తుల ఛానల్ వాళ్లయితే అసలు నా మొహమే వెయ్యలేదు. వాళ్ల కథలో తుపాకి ఉన్న చచ్చినవాడికి చోటు లేదు. అందుకే నీకు రాస్తున్నాను, నువ్వు రక్తసంబంధానివని. వేస్తావా, వెయ్యవా? ప్రశ్నలు వద్దు.

చెంచమ్మ, వేలిముద్ర


షామ్‌బర్గ్
నవంబరు 29, 2009

చెంచమ్మ గారికి,

మీరు జవాబు చెప్పకూడదని గట్టిగా అనుకుంటూనే చెప్పేశారు. నేను క్యాలెండర్ తీసి చూశాను. సెప్టెంబరు 27, నవమి.

అయినా అనుమానం మీద ఏదీ రాయకూడదు కనుక పోలీసు రిపోర్టు అడిగి తెప్పించుకున్నాను. కాపీ దీనితో పెడుతున్నాను. అందులో ఉన్నది తెలుగులో చెబుతాను. పిస్తోలు ఆ రాత్రి ఇంట్లో, పూజ అలమరలో దొరికింది. కుంకుమ బొట్లు, పూలదండ ఉన్నాయి. గుళ్లు నింపే ఉన్నాయి. మృతుడి తల్లి దుబాసీ ద్వారా ఇలా చెప్పింది: ‘పూజ కోసం తెమ్మని నేనే కోడలికి చెప్పాను. మధ్యాహ్నం మూడు గంటలకి కొట్టుకి వెళ్తూ నా కొడుకు అడిగాడు. రేపు పొద్దుటిదాకా కదపకూడదని నేను ఇవ్వలేదు.’

ఆ రాత్రి మీరు నిజమే చెప్పారు. రెండు వారాలకి అబద్ధం దొరికింది మీకు.

బ్యాంకుకి దసరా సెలవు. ముప్ఫై ఏళ్లూ మామయ్య తుపాకి అమ్మవారి ముందున్న రోజున బ్యాంకు తలుపులు మూసి ఉన్నాయి. చాండ్లర్‌లో గ్యాస్ స్టేషన్‌కి నవమి లేదు, దశమి లేదు. ఇంతమందిమి చదువుకున్నవాళ్లం, ఒక్కరికీ ఆ ముక్క తట్టలేదు. నా చిన్నప్పుడు ఆ దండ నేను కూడా గుచ్చాను. నన్ను చేసుకుని ఉంటే అన్నారు. చేసుకుని ఉంటే ఆ పిస్తోలుని నేనే సంచీలో పెట్టుకుని తెచ్చేదాన్ని. మీరు తెమ్మంటే తేని మనిషి ఆ ఇంట్లో ఎప్పుడుంది?

ఇప్పుడు మీకు వార్త కావాలి. ఇది మా ఎడిటర్‌కి చెబితే ఎగిరి గంతేస్తాడు. బొట్టు పెట్టిన పిస్తోలు బొమ్మ మొదటి పేజీలో వేస్తాడు. తుపాకిని పూజించే కుటుంబం అంటాడు. కొవ్వొత్తుల ఛానల్ మనల్ని చూసి తల ఊపుతుంది, ఎర్ర టై ఛానల్ నవ్వుతుంది. అత్తాకోడళ్లిద్దరినీ కెమెరా ముందు కూర్చోబెట్టి చూస్తారు ఎవరు ముందు ఏడుస్తారో. ఆ పని చేసే చోటే నేను జీతం తీసుకుంటున్నాను, అందుకని నాకు తెలుసు.

పండగలోపు రిషితని పక్కన కూర్చోబెట్టుకుని ఈ మాట మీ నోటితో చెప్పండి. చెబితే నేను ఏమీ రాయను. చెప్పకపోతే రాస్తాను, అందులో మీ పేరు ఉంటుంది, స్పెల్లింగు తప్పు లేకుండా.

పద్మజ


చాండ్లర్
డిసెంబరు 13, 2009

పద్మజకి,

‘మీరు’ అని రాశావట. చెంచమ్మ గారట. ఇది చదువుతుంటే రెండుసార్లు ఆపి అడిగాను, సరిగ్గా చదువుతున్నావా అని. సరిగ్గానే చదివింది. నీ చిన్నప్పుడు నీకు నలుగుపెట్టిన చేతులివి. ఇప్పుడు నేను గారినయ్యాను.

ఆ కాగితం అబద్ధమని అనను. అవును, తెమ్మన్నాను. అయితే ఏం? తెమ్మనడం నా పని. తేకపోవడం దాని పని. ఎమ్మెస్సీ చదివింది. రోజూ స్కూల్లో ముప్ఫై మంది పిల్లలకి లెక్కలు చెబుతుంది. రాత్రి పగలు తెరిచి ఉండే కొట్టులోంచి తుపాకి తీస్తే ఏమవుతుందో దీనికి లెక్క తెలియదా? వేలిముద్ర మనిషిని, నాకు తెలియలేదు. దీనికి తెలియాలి. ‘వద్దత్తయ్యా’ అన్న రెండు మాటలు నోట్లోంచి ఊడిపడితే నా కొడుకు ఇవాళ ఈ సోఫాలో కూర్చుని ఉండేవాడు. రాయి. అలాగే రాయి. కన్నీళ్లు కాగితం మీద పడనివ్వకు, అక్షరాలు చెదిరితే నాకే నష్టం.

ఆ మధ్యాహ్నం సంగతి నువ్వు రిపోర్టులో చదివావు. నేను చూశాను. బూట్లు తొడుక్కుని గుమ్మంలో నిలబడ్డాడు. ‘అమ్మా, ఇచ్చేయవే, పోయొచ్చి మళ్లీ అక్కడే పెట్టేస్తాలే’ అన్నాడు. పెట్టిన ఆయుధాన్ని లేపితే అమ్మవారికి కోపం వస్తుందన్నాను. ‘ఆవిడ కోపం కన్నా నీ కోపమే ఎక్కువ’ అని నవ్వి, నా నెత్తి మీద చెయ్యేసి పోయాడు. నా నెత్తి మీద వాడు ఆఖరుసారి పెట్టింది ఆ చెయ్యి. ఇప్పుడు నువ్వు దాని మీద ఇంకొకటి పెట్టి మొయ్యమంటున్నావు. నాకు డెబ్భై నాలుగు. మొయ్యలేను. దీనికి నలభై రెండు. మొయ్యగలదు. ఎవరో ఒకరు మొయ్యాల్సిందే అన్నప్పుడు గట్టి వీపు మీద వెయ్యాలా, విరిగే వీపు మీద వెయ్యాలా?

రిషితకి చెప్పను. నా కొడుకు పోయాక ఈ ఇంట్లో నా పక్కన కూర్చునే మనిషి అదొక్కతే. దాన్ని కూడా పోగొట్టుకుని గోడలతో మాట్లాడమంటావా? మొన్న సోఫాలో నా పక్కన పడుకుని ‘నానమ్మా, అమ్మ వై డిడ్ షీ?’ అని అడిగింది. ‘దాని బుద్ధి అంతే తల్లీ’ అన్నాను. ఇది వంటింట్లోంచి వింటూనే ఉంది.

బెదిరించావు కదా, రాసుకో. నీ ఎడిటర్ గంతేస్తే వెయ్యనీ. కానీ నాకు కావలసింది నీకు తెలుసు. నేను కళ్లు మూసేలోగా ఒక్క పత్రికలో, ఒక్కసారి, నా కొడుకు ఉత్త చేతులవాడు కాడని, కోడలి వల్ల పోయాడని అచ్చులో పడాలి. నీ మేనత్తగా అడుగుతున్నాను. ఇంక అడగను.

చెంచమ్మ, వేలిముద్ర


షామ్‌బర్గ్
జనవరి 3, 2010

అత్తా,

రాశాను. సెలవుల్లో కూర్చుని పన్నెండు వందల మాటలు రాశాను. జనవరిలో వెనక్కి పోయిన దొంగల దగ్గర మొదలుపెట్టి, రెండు ఛానళ్లు, సగం పేజీ బాల్యం, మూడు లైన్లు వేసిన నేను, అలమరలో పిస్తోలు, అన్నీ. ఎవరినీ వదల్లేదు, నన్ను కూడా.

ఎడిటర్ గంతెయ్యలేదు. గోడ మీద గడియారం చూసుకున్నాడు. ‘మూడు నెలలు దాటిపోయింది. కొత్తగా ఏం జరిగింది?’ అన్నాడు. ఏమీ జరగలేదన్నాను. నిన్న ఇంకెక్కడో ఇంకెవరో చనిపోయారు, వాళ్ల ఫోటోలు వచ్చాయి, పని చూడమన్నాడు. దిద్దుబాటు కూడా వెయ్యరట. కొట్టులో తుపాకి లేనప్పుడు నిరాయుధుడు అన్న మాటలో తప్పేముందన్నాడు.

కనుక ఏ పత్రికలోనూ రాదు, నీవైపుదీ రాదు, నిజమూ రాదు. ఆ మూడు లైన్లే మిగులుతాయి. నువ్వు గెలవలేదు, నేనూ గెలవలేదు. నన్ను ఇందులోంచి వదిలెయ్యి.

అక్కా, ఇది నీకు మాత్రమే. నువ్వు తెలుగులో రాస్తావు, నేను తెలుగులో రాస్తాను, చదవలేనివాళ్లిద్దరూ నీ ఇంట్లోనే ఉన్నారు. కానీ ఆ రిపోర్టు ఇంగ్లీషులో ఉంది. రిషితకి ఇంగ్లీషు వచ్చు.

పద్మజ


చాండ్లర్
జనవరి 24, 2010

నా బంగారు పద్దమ్మా,

నీ నోటికి చక్కెర పోయాలి! అనరాని మాటలన్నాను నిన్ను, మనసులో పెట్టుకోకు. నీ ఉత్తరం త్రివేణి చదివి చెప్పింది, వేయించావని. పేపరు కూడా తెచ్చి నా ఒళ్లో పెట్టింది. అరపేజీ! మొదట నమ్మలేదు. మొత్తం చదవమన్నాను, ఒక్కో లైను చదివి తెలుగులో చెప్పింది. రాఘవులు నిరాయుధుడు కాడని ఉంది, తండ్రి బ్యాంకు గన్‌మేన్ అని ఉంది, తుపాకిని కోడలు తీసేసిందని ఉంది. నా పేరు నాలుగు చోట్ల ఉందట. దీని పేరు ఆరు చోట్ల ఉందట. తన పాపం తనే చదువుకుంటుంటే దీని మొహం చూడాలి నువ్వు! అట్లా తెల్లగా, ప్లేటులాగా పెట్టుకుని చదివింది. నా కడుపు చల్లబడింది.

పక్కన టోపీ పెట్టుకున్న పెద్దమనిషి ఫోటో ఉంది. మీ ఎడిటర్ అట కదా. మంచి కళ ఉన్న మొహం. నా దండాలు చెప్పు.

నిన్న గుడికి తీసుకెళ్లాను, కొంగున కట్టుకుని. అక్కడికొచ్చే తెలుగమ్మాయి నళినికి చూపించాను. విప్పి చదివి, దీని వైపు ఒకసారి చూసి, ‘చాలా బాగా రాశారు పిన్నిగారూ’ అంది. ఇంకో నలుగురు చదివారు. ఒక్కరూ కాదనలేదు. అచ్చులో పడ్డాక ఎవరు కాదంటారు?

అన్నిటికన్నా గొప్ప సంగతి. రిషిత రోజూ స్కూలు నుంచి వచ్చి నా పక్కన కూర్చుని దాన్ని చదివి వినిపిస్తోంది. ఇంగ్లీషులోనే, తల్లికన్నా స్పష్టంగా. నాకు అర్థం కాకపోయినా నా కొడుకు సంగతే కదా అని వింటాను. ఇప్పుడు నిద్ర పడుతోంది. ఇంక నాకేమీ కోరికల్లేవు.

చెంచమ్మ, వేలిముద్ర

పద్మజా, పైదంతా ఆవిడ చెప్పినట్టే రాశాను. ఆవిడ వేలిముద్ర వేశాక, అడ్రసు రాస్తున్నానని చెప్పి ఇది రాస్తున్నాను. ఎదురుగానే కూర్చుని ఉంది.

నా మాటగా ఒక్క లైను కూడా ఎందుకు రాయలేదని అడిగావు. ఆవిడ చెప్పి రాయించినవన్నీ నేను రోజూ నాకు చెప్పుకునేవే. వద్దత్తయ్యా అని నేను అననిమాట నిజం. ఆయనే పిస్తోలు నా బ్యాగులో పెట్టి జిప్ వేశారు. రాయడం నాకు కష్టం కాలేదు. మైకులో చెప్పడమూ కష్టం కాలేదు. ‘దాని బుద్ధి అంతే తల్లీ’ అన్నమాట వంటింట్లోంచి విన్నాను చూడు, అది కష్టమయింది.

రిపోర్టు రిషితకి ఇచ్చాను. తన గదిలోకి తీసుకెళ్లి తలుపేసుకుంది. గంట తర్వాత వచ్చి డిష్‌వాషర్‌లో గిన్నెలన్నీ సర్దింది. మర్నాడు నీ ఉత్తరం ఆవిడకి చదవాలి. ఇన్నాళ్లూ ఒక్క మాట తిప్పకుండా చదివినదాన్ని, మొదటిసారి తిప్పాను. వార్త వచ్చిందన్నాను. ఆవిడ చూపించమంది. చేతికి అందింది మా చాండ్లర్ పేపరు. జనవరి చలికి పెరట్లో నిమ్మచెట్లు మాడిపోకుండా రాత్రిళ్లు ఏం కప్పాలో తోటల శీర్షిక రాసే ఆయన అరపేజీ రాశాడు. టోపీ ఆయనదే. అది చూస్తూ ఆవిడకి కావలసిందంతా తెలుగులో చెప్పాను. మొయ్యలేనంది కదా, ఇంక మొయ్యక్కర్లేదు.

రిషిత మెట్ల మీద నిలబడి విన్నది. ఆవిడ స్నానానికి వెళ్లాక పేపరు తీసి చూసింది.

“అమ్మా, దిసీజ్ అబౌట్ లెమన్ ట్రీస్.”

“అవును.”

రెండు నెలల తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట అది. నానమ్మకి చెప్పేస్తుందనుకున్నాను. చెప్పెయ్యి, నాకేం అనుకున్నాను. అది పేపరుని మడతల ప్రకారం మళ్లీ మడిచి, “నెక్స్ట్ టైమ్ నేను చదువుతా” అంది.

అప్పటి నుంచీ రోజూ చదువుతోంది. ఆవిడకి తెలిసిన ఇంగ్లీషు మాట ఏదైనా తగిలితే గబగబా మింగేస్తుంది. ఆవిడ కళ్లు మూసుకుని, కొంగు పిడికిట్లో పట్టుకుని వింటుంది. నిన్న, పాత దుప్పటి కొమ్మలకి తగలకుండా నేలదాకా కప్పమన్న చోట ఆవిడకి ఏడుపు ఆగలేదు. రిషిత చదవడం ఆపి, టిష్యూ తెచ్చి ఆవిడ కళ్లు తుడిచి, “మళ్లీ చదవనా నానమ్మా?” అని అడిగింది. ఆవిడ తల ఊపింది. మొదటి నుంచీ చదివింది.

త్రివేణి